కడియం నుంచి తెచ్చిన ఎర్ర అల్లం

2023 సంక్రాంతికి రాజమండ్రి వెళ్లి వస్తూ కడియంలో ఆగి రెడ్ జింజర్ అనే పూలమొక్క ఒకటి కొన్నాను. "ఎండలో పెట్టకండి మేడమ్" అని నర్సరీ అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. అల్లమే కదా, అమ్మ పెరట్లో ముక్క పాతిపెడితే అదే మొలిచేది, దీనికింత హడావుడేమిటి అనుకుని హైదరాబాద్‌లో మా మేడ మీద కుండీలో పెట్టేశాను.

ఏప్రిల్‌కల్లా ఆకుల అంచులు మాడిన అప్పడంలా అయ్యాయి. నీళ్లు చాలలేదేమోనని పొద్దునా సాయంత్రం పోశాను. ఇంకా వాడింది. విసుగొచ్చి కుండీ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. మొక్కతో వచ్చిన బంకమట్టి ముద్ద ఇటుకలా గట్టిపడింది. పోసిన నీళ్లన్నీ అంచుల వెంట జారిపోయాయి, లోపలికి చుక్క దిగలేదు.

ఆ ముద్దను రాత్రంతా బకెట్లో నానబెట్టి వేళ్లతో మట్టి వదిలించాను. ఎండిన దుంప కోసేసి, రెండు పిలకలున్న ముక్కను కింద మామిడిచెట్టు పక్కన, పొద్దుటెండ మాత్రమే పడే చోట రెండంగుళాల లోతున పెట్టాను. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కొబ్బరి పొట్టు కలిపాను. మా బోరు నీళ్లు మహా ఉప్పన, బకెట్‌కి తెల్లగా పొర కడుతుంది. అవి పోసినప్పుడల్లా ఆకు కొసలు ఎండేవి. దాంతో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయడం మొదలుపెట్టాను. మా ఆయన నవ్వారు. నవ్వనీ.

మరుసటి ఏడాది ఆగస్టులో మొదటి కంకి వేసింది. ఆ ఎర్రనివి పూరేకులు కావు, అరటిపువ్వు డొప్పల్లాంటివి. అసలు పువ్వు తెల్లగా, చిన్నగా ఉంటుంది, డొప్పల సందులోంచి తొంగిచూస్తుంది. చాలామందికి అది కనపడదు కూడా. ఎరుపు మాత్రం వారాల తరబడి నిలిచింది.

తర్వాత కంకి బరువుగా వంగిపోయింది. చీమలు పట్టాయేమోనని చూస్తే డొప్పల మధ్య పచ్చటి పిల్లమొక్కలు, వాటికి సన్నటి వేళ్లు కూడా! నాలుగింటిని తుంచి పెరుగు డబ్బాల్లో నాటాను. మూడు బతికాయి.

పూసిన కాడ కొట్టడానికి నాకు చేతులు రాలేదు. "గెల కోశాక అరటిచెట్టుని ఉంచుకుంటామా?" అంటూ అత్తయ్యగారే కత్తిపీట తెచ్చి మొదలంటా నరికేశారు. పక్కనుంచి అప్పటికే రెండు కొత్త పిలకలు లేస్తున్నాయి.