రెండు కార్లు, ఒక్క ఫేజు

శనివారం రాత్రి

అక్కా బావగారూ విజయవాడ నుంచి కొత్త ఎలక్ట్రిక్ కారులో వచ్చారు. హైదరాబాద్ చేరేసరికి బ్యాటరీ పదిహేను శాతానికి దిగింది. దారిలో ఫాస్ట్ ఛార్జర్లు లేక కాదు, అత్తగారిల్లు ఉండగా బయట డబ్బు తగలేయడమెందుకని ఆయన లెక్క. అల్లుడిగారి మర్యాదల్లో ఇప్పుడు కరెంటు కూడా చేరిందన్నమాట.

మా కారు అప్పటికే పోర్టికోలో ఛార్జింగ్‌లో ఉంది. వాషింగ్ మెషీన్ ప్లగ్గు తీసి బావగారు తన కేబుల్ పెట్టేశారు. పైన రెండు ఏసీలు నడుస్తున్నాయి. అమ్మ ఇండక్షన్ పొయ్యి మీద పాలు పెట్టిన కాసేపటికి ఇల్లంతా చీకటి. ఎదురింట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పడింది మా మెయిన్ ఎంసీబీయే, అదే లోడు మించితే కరెంటు తనంతట తానే ఆపేసే స్విచ్చు.

పడదా మరి! 15 ఆంపియర్ల ప్లగ్గులో ఒక్కో కారు 3.3 కిలోవాట్లు లాగుతుంది. ఏసీలు చెరి ఒకటిన్నర, పొయ్యి 2. అన్నీ కలిపితే 11 దాటింది. మాది సింగిల్ ఫేజ్, అంటే ఇంటికి కరెంటు తెచ్చే తీగ ఒక్కటే. బిల్లు మీద ఉన్న లోడు, అంటే మాకు అనుమతి ఉన్న వాడకం, 5 కిలోవాట్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ 230 వోల్టుల దగ్గర ఏడుకు కాస్త పైన మాత్రమే మోస్తుంది.

"ఏమోయ్, ఇంకా పెద్దది వేయించెయ్యి" అన్నారు బావగారు.

"ప్లగ్గు ఒకసారి ముట్టుకోండి బావగారూ" అన్నాను. చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. సాకెట్‌లో ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. లోపల పట్టు వదులైనట్టుంది. వాషింగ్ మెషీన్ గంటసేపు తిరిగి ఆగుతుంది, కారు తెల్లవార్లూ లాగుతుంది. గోడలోని తీగ మార్చకుండా ఎంసీబీ ఒక్కటే పెంచితే, తీగ కాలుతున్నా అది పడదు.

మా కారు తీసేసి, మా సాకెట్ ఆయనకిచ్చాను. 45 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే పన్నెండు గంటల పైనే పడుతుంది. నేను రోజుకు తిరిగేది నలభై కిలోమీటర్లు, ఆరేడు యూనిట్లు చాలు, అంటే రెండు గంటల పని. రేపు మధ్యాహ్నం పెట్టుకుంటాను. పాలు గ్యాస్ మీద కాగాయి.

లోడును మూడు తీగల మీద పంచే త్రీ ఫేజ్‌కు మారమని ఎలక్ట్రీషియన్ ఎప్పటినుంచో చెబుతున్నాడు. లోడు పెంచితే కిలోవాట్‌కు ఇంతని డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి, పోర్టికో దాకా కొత్త తీగ లాగాలి. ఈ ఖర్చు బావగారి ఖాతాలో రాద్దామా అంటే అక్క నవ్వింది, ఆయన మాత్రం వినిపించనట్టే ఫోనులో ఛార్జింగ్ శాతం చూసుకుంటున్నారు.