అబ్రోనియా షీటు మీద ఇసుక

నెల రోజుల లీవులో తిరుపతి వచ్చాను. కొర్లగుంటలో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు అడిగేది అమెరికాలో ఏం ఉద్యోగమని. అరిజోనాలో ఒక హెర్బేరియంలో చేస్తున్నా, ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్కల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను అంటే మా పెద్దమ్మ కాసేపు నన్నే చూసి "దానికి జీతమిస్తారా మే?" అంది. ఇస్తారు పెద్దమ్మా. ఎందుకిస్తారో చెప్పాలనే ఇది రాస్తున్నా.

పోయిన చలికాలమంతా నా ముందున్నది ఒకటే మొక్క, అబ్రోనియా విల్లోసా. అక్కడ శాండ్ వర్బీనా అంటారు. అబ్రోనియా విల్లోసా అన్నది 1873లో సెరీనో వాట్సన్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు. సొనోరా, మొహావీ ఎడారుల ఇసుక మీద పాకుతుంది, చలికాలం వానలు బాగా పడిన ఏడు గులాబీ, ఊదా కలిసిన రంగులో నేలంతా పరుచుకుంటుంది. ఒళ్ళంతా జిగురు నూగు, దానికి ఇసుక అంటుకుంటుంది. ఎప్పుడో కోసి పెట్టిన షీటు మీద కూడా ఆ రేణువులు అలాగే ఉన్నాయి, భూతద్దంలో మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

కానీ మా పనికి పువ్వుకన్నా కింద మూలనుండే లేబుల్ ముఖ్యం. ఎవరు కోశారు, వాళ్ళ సేకరణ నంబరు (కోసినవాళ్ళు తమ మొక్కలకు వరుసగా వేసుకునే అంకె), తేదీ, చోటు, ఎత్తు, నేల. పాతవాటికి జీపీఎస్ ఎక్కడిది? "ఊరికి 4 మైళ్ళు ఉత్తరాన, వాగు పక్క ఇసుక" అని చేతిరాత ఉంటుంది, అంతే. పాత మ్యాపులు ముందేసుకుని ఆ చోటు పట్టుకుని, అక్షాంశం, రేఖాంశం రాసి, అందులో ఎన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చో కూడా రాయాలి. ఒక్క షీటుకే ఒక పూట పోయిన రోజులున్నాయి. ఇలాంటివి వందలు చేరితేనే ఆ మొక్క ఎక్కడెక్కడ ఉండేది, ఏ నెలలో పూసేది, ఇళ్ళు లేచి ఎక్కడ లేకుండా పోయింది తెలిసేది.

ఫోన్లో ఫోటో చూపిస్తే అమ్మ "మన చంద్రకాంత పువ్వు మాదిరే ఉందే" అంది. ఎంత సంతోషమేసిందో! నిజంగానే రెండూ ఒకే కుటుంబం, రెండింటిలోనూ రంగుగా కనిపించేది ఆకర్షక పత్రం, అంటే పూరేకు కాదు, మామూలుగా పువ్వు అడుగున పచ్చగా ఉండే రక్షక పత్రమే. కాగితం పూలు, మన వీధుల్లో కాళ్ళ కింద పడే అటికమామిడి కూడా ఆ కుటుంబానివే.

మొన్న అటక మీద నా ఎమ్మెస్సీ షీట్ల కట్ట దొరికింది. విప్పి చూస్తే ప్రతిదాని మీదా "తిరుమల కొండలు" అని మాత్రమే రాసుంది. అలిపిరి దారిలోనా, శ్రీవారి మెట్టు వైపా? ఏ నెల? ఏమీ లేదు. ఈ తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీ అనే మొక్క ఉన్న అడవిలో తిరిగి ఇలా రాశానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈరోజు పొద్దున గేటు పక్కనున్న అటికమామిడిని వేరుతో సహా తీశాను. కాయలు జిగురుగా వేళ్ళకు అంటుకున్నాయి. పేపర్ల మధ్య పరిచి, పైన గ్రైండర్ రాయి పెట్టి, లేబుల్ రాశాను. తిరుపతి, కొర్లగుంట, మా గేటుకు తూర్పున 3 మీటర్లు, కాలువ గట్టు, పూత, కాయ రెండూ ఉన్నాయి. తేదీ వేశాను. సేకరణ నంబరు 1.