చెప్పే పాఠంలోనే తప్పాను: మూడో అటెంప్టులో నెట్ క్వాలిఫై అయిన కథ

రిజల్ట్స్ వచ్చిన రాత్రి మా ఆమదాలవలసలో కరెంటు లేదు. సిగ్నల్ కోసం మేడెక్కి ఫోన్లో చూసుకున్నాను. యూజీసీ నెట్ (కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హత పరీక్ష), కంప్యూటర్ సైన్స్‌లో, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫైడ్. జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కాదు, ముందే చెప్పేస్తున్నాను, మళ్ళీ ఎవరూ అడగక్కర్లేదు. కింద నుంచి అమ్మ "వొచ్చీసిందేటి?" అని కేకేసింది. నేను "వొచ్చీసిందే!" అని అరిచేసరికి, వచ్చింది కరెంటే అనుకుని పక్కింటి వాళ్ళు స్విచ్చులు నొక్కి చూసుకున్నారట.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే. డిస్క్రీట్ మ్యాథ్స్, ఆటోమేటా, ఓఎస్, డీబీఎంఎస్ అందరూ చదివినట్టే చదివాను: పాత పేపర్లు, తప్పుల నోట్సు, మళ్ళీ పాత పేపర్లు. అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌లో డేటా ఇంటర్‌ప్రెటేషన్‌ని వదలకండి, అంతే. నాకు చెప్పాలని ఉన్నది రెండో అటెంప్టు గురించి.

యూనిట్ త్రీలో వెబ్ ప్రోగ్రామింగ్ అని ఒక లైను ఉంటుంది కదా, హెచ్‌టీఎమ్‌ఎల్, స్క్రిప్టింగ్, జావా, సర్వ్‌లెట్స్ (బ్రౌజర్ అడిగినదానికి సర్వర్లో ఉండి జవాబిచ్చే జావా ప్రోగ్రాములు), యాప్లెట్స్ అంటూ. ఆ లైను నేను చదవలేదు. ఎందుకు చదవాలి? శ్రీకాకుళంలో ఒక కాలేజీలో ఆ పాఠం చెప్పేదే నేను. రెండేళ్ళుగా బోర్డు మీద సర్వ్‌లెట్ పుట్టుక నుంచి చావు దాకా అదే బొమ్మ: పైన ఇనిట్ (మొదలు), మధ్యలో సర్వీస్ (పని), కింద డిస్ట్రాయ్ (ముగింపు), వాటి మధ్య బాణాలు. కళ్ళు మూసుకుని గీయగలను. నిజానికి కళ్ళు మూసుకునే గీశాను.

ఆ పరీక్షలో సర్వ్‌లెట్ల మీద రెండు ప్రశ్నలొచ్చాయి. ఒకే సర్వ్‌లెట్‌కి చాలా రిక్వెస్టులు ఒకేసారి వస్తే కంటైనర్ (సర్వ్‌లెట్లని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఏం చేస్తుందన్నది మొదటిది. "ప్రతి రిక్వెస్టుకీ కొత్త ఆబ్జెక్టు" అన్న ఆప్షన్ నొక్కాను. డూగెట్ (బ్రౌజర్ పంపే గెట్ రిక్వెస్టుకి జవాబిచ్చే మెథడ్) లోంచి మనమే డిస్ట్రాయ్‌ని పిలిస్తే ఏమవుతుందన్నది రెండోది. "సర్వ్‌లెట్ మెమరీలోంచి పోతుంది" అని పెట్టాను. రెండూ తప్పే. పైగా జవాబుల కీ వచ్చాక, మొదటి ప్రశ్నకి కీయే తప్పని 200 రూపాయలు కట్టి ఛాలెంజ్ కూడా చేశాను. పాఠం చెప్పేదాన్ని కదా, నాకు తెలియదా! ఆ డబ్బులు తిరిగి రాలేదు. కటాఫ్‌కి సరిగ్గా రెండు ప్రశ్నల దూరంలో ఆగిపోయాను.

అప్పుడు గుర్తొచ్చాడు, టెక్కలి వైపు నుంచి బస్సులో వచ్చే ఒక వెనక బెంచీ కుర్రాడు. "మేడం, ఇద్దరు ఒకేసారి సబ్మిట్ కొడితే ఇనిట్ రెండుసార్లు నడుస్తాదా?" అని అడిగాడు. "సిలబస్‌లో లేనివి అడక్కు" అన్నాను. సిలబస్‌లో లేకపోవడం కాదు, నాకు తెలియకపోవడం.

ఓ ఆదివారం పాత ల్యాప్‌టాప్‌లో టామ్‌క్యాట్ అనే కంటైనర్ వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజంతా కంపైల్ దగ్గరే గడిచిపోయింది. నా నోట్సులో ఇంపోర్టులన్నీ జావాఎక్స్‌తో మొదలవుతాయి, నేను దించుకున్నది టామ్‌క్యాట్ 10. అందులో ఆ ప్యాకేజీ పేరు జకార్తాగా మారిపోయింది. మీరు టామ్‌క్యాట్ 9 వేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

రెండో రోజు చిన్న సర్వ్‌లెట్ ఒకటి రాశాను. క్లాసులో, మెథడ్లకి బయట, పేరు కోసం ఒక స్ట్రింగ్ వేరియబుల్. డూగెట్ లోపల మూడే పనులు: రిక్వెస్టులో వచ్చిన పేరుని అందులో పెట్టడం, పది సెకన్లు నిద్రపోవడం, ఆ పేరుని తిరిగి ప్రింట్ చేయడం. తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కలిపి, వాడి బ్రౌజర్లో ల్యాప్‌టాప్ ఐపీ, 8080 పోర్టు కొట్టమన్నాను. ఫైర్‌వాల్ అడ్డుపడింది, అనుమతి ఇచ్చాక తెరుచుకుంది.

ముందు నేను నా పేరుతో ఎంటర్ కొట్టాను. మనసులో నాలుగు లెక్కపెట్టి, వాణ్ణి వాడి పేరుతో కొట్టమన్నాను. పది సెకన్లయ్యాక నా స్క్రీన్ మీద వాడి పేరు పడింది. ఇంకాసేపటికి వాడి ఫోన్లోనూ వాడి పేరే. నా పేరు ఎక్కడా లేదు.

"అప్పా, నీ పేరు నేను మింగీసినాను!" అని వాడు నవ్వుతున్నాడు. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది. పేరు బదులు అక్కడ బ్యాంకు బ్యాలెన్సు ఉంటే?

బాణాల బొమ్మ రెండేళ్ళలో చెప్పనిది ఆ పది సెకన్లు చెప్పాయి. ఆబ్జెక్టు ఒక్కటే. కంటైనర్ దాన్ని ఒకసారి పుట్టిస్తుంది, ఇనిట్‌ని ఒకసారి పిలుస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి రిక్వెస్టుకీ ఒక థ్రెడ్డుని (ప్రోగ్రాములో విడిగా నడిచే దారిని) కేటాయిస్తుంది, ఆ థ్రెడ్లన్నీ అదే ఆబ్జెక్టు మీద సర్వీస్‌ని నడుపుతాయి. మెథడ్ లోపలి వేరియబుల్ ఏ థ్రెడ్డుది దానికే. బయటిది మాత్రం ఊరుమ్మడి. ఆ స్ట్రింగ్ డిక్లరేషన్‌ని డూగెట్ లోపలికి జరిపి మళ్ళీ చేశాం, ఎవరి పేరు వాళ్ళకి వచ్చింది. రిక్వెస్టుకొక ప్రాసెస్ పుట్టి చచ్చేది పాత సీజీఐ పద్ధతిలో. నా బుర్రలో ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి. సింగిల్ థ్రెడ్ మోడల్ (ఒక ఆబ్జెక్టు మీద ఒకసారికి ఒకే థ్రెడ్డు) అని ఆప్షన్లలో కనబడితే జాగ్రత్త, దాన్ని సర్వ్‌లెట్ 2.4 లోనే వాడొద్దని పక్కన పెట్టారు.

ఇక నాకు పిచ్చి పట్టింది. కన్‌స్ట్రక్టర్లో, ఇనిట్‌లో, సర్వీస్‌లో, డిస్ట్రాయ్‌లో తలా ఒక ప్రింట్ లైను పెట్టాను. టామ్‌క్యాట్ లేచింది, నల్ల విండోలో నా లైన్లు ఏవీ లేవు. మొదటి రిక్వెస్టు కొట్టాక కన్‌స్ట్రక్టర్, ఇనిట్, సర్వీస్ వరసగా పడ్డాయి. పదిసార్లు రిఫ్రెష్ చేస్తే సర్వీస్ ఒక్కటే పదిసార్లు. లోడ్ ఆన్ స్టార్టప్ అనే సెట్టింగ్‌లో 1 పెడితే, ఎవరూ అడక్కుండానే సర్వర్ లేచేటప్పుడే మొదటి రెండు లైన్లూ వచ్చేశాయి. చిన్న అంకె ఉన్న సర్వ్‌లెట్ ముందు లేస్తుంది. నెగెటివ్ అంకె ఇస్తే ఎప్పుడు లేపాలో కంటైనర్ ఇష్టం.

డూగెట్ లోంచి డిస్ట్రాయ్‌ని పిలిచాను. దాని లైను పడింది, తర్వాతి రిక్వెస్టుకి సర్వ్‌లెట్ ఏమీ ఎరగనట్టు జవాబిచ్చింది. మనం పిలిస్తే అది మామూలు మెథడ్ కాల్, అంతకు మించి ఏమీ లేదు. సర్వ్‌లెట్‌ని నిజంగా దించేది కంటైనరే, దించేముందు అది పిలిచేదే అసలు డిస్ట్రాయ్. ఇంతలో మా ఊరి కరెంటు కూడా ఒక పాఠం చెప్పింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, కరెంటు పోగానే మొత్తం ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేసి లాగ్ చూస్తే డిస్ట్రాయ్ లైను లేదు. పద్ధతిగా ఆపితేనే ఆ లైను. డేటా సేవ్ చేసే పనిని డిస్ట్రాయ్ మీద వదిలేస్తే ఏమవుతుందో చూసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డూపోస్ట్ (పోస్ట్ రిక్వెస్టుకి జవాబిచ్చే మెథడ్) ఒక్కటే రాసి, అడ్రస్ బార్‌లో యూఆర్‌ఎల్ కొడితే 405 (ఈ పద్ధతి ఒప్పుకోననే ఎర్రర్) వస్తుంది, ఎందుకంటే బ్రౌజర్ పంపేది గెట్. కాన్ఫిగ్ తీసుకునే ఇనిట్‌ని ఓవర్‌రైడ్ చేసి సూపర్‌ని (పై క్లాసులోని ఇనిట్‌ని) పిలవడం మరిస్తే, తర్వాత సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ అడిగిన చోట ఎక్సెప్షన్. రిక్వెస్టుని వేరే పేజీకి అప్పగించే ఫార్వర్డ్ సర్వర్ లోపలే జరుగుతుంది, బ్రౌజర్లో యూఆర్‌ఎల్ మారదు. సెండ్ రీడైరెక్ట్ అయితే 302 (వేరే చోటికి వెళ్ళమనే జవాబు) వెళ్ళి బ్రౌజర్ కొత్త రిక్వెస్టు పంపుతుంది, పాత రిక్వెస్టులో పెట్టిన యాట్రిబ్యూట్లు పోతాయి. జేఎస్‌పీ (హెచ్‌టీఎమ్‌ఎల్ మధ్యలో జావా రాసే పేజీ) కూడా చివరికి సర్వ్‌లెట్టే. అందులో జేఎస్‌పీ ఇనిట్, జేఎస్‌పీ డిస్ట్రాయ్ మనం రాసుకోవచ్చు, సర్వీస్ మెథడ్‌ని మాత్రం కంటైనరే తయారుచేస్తుంది.

మూడు అటెంప్టులు ఎందుకు పట్టాయని బంధువులు అడుగుతూనే ఉన్నారు. హైదరాబాద్ కోచింగ్‌కి పోయి ఉంటే మొదటిసారే వచ్చేదని మా పెద్దనాన్నగారి నమ్మకం. నా జీతంలో అక్కడి హాస్టల్ ఫీజు తేలదన్న సంగతి ఆయన పట్టించుకోరు. రోజూ పొద్దున్న నాలుగున్నరకి లేచాను, కాలేజీ బస్సులో పాత పేపర్లు చేశాను, పెళ్ళిళ్ళు మానేశాను. మీరూ ఫోన్ పక్కన పడేసి ఓ ఆర్నెల్లు ఒంటి మీద స్పృహ లేకుండా చదవండి, రాకుండా ఎలా ఉంటుందో చూద్దాం. అయినా నాలుగున్నరకి లేవడం మొదటి రెండుసార్లూ చేశాను. అప్పుడు రాలేదు.

ఆ ప్రయోగం తర్వాత సోమవారం ల్యాబ్‌లో అదే ఫైలు తెరిచి పిల్లల చేత ఇద్దరిద్దరిగా కొట్టించాను. టెక్కలి కుర్రాడు అప్పటికే పాసై వెళ్ళిపోయాడు.

కోడ్ పంపమని చాలామంది అడుగుతున్నారు. పంపను, నలభై లైన్లు కూడా ఉండదు, మీరే కొట్టండి. రెండో ఫోన్ కోసం ఇంట్లో తమ్ముడో చెల్లో లేకపోతే పక్కింటి పిల్లాణ్ణి పిలవండి. మా వాడైతే రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "మా అప్ప పేరు నేను మింగీబట్టే దానికి నెట్ వొచ్చింది" అని చెప్పి స్వీటు రెండోసారి తింటున్నాడు.