హైబ్రిడ్ ట్రైలర్‌లో ముసురు క్యాంపింగ్: ఐదు ట్రిప్పుల లాగ్

చలి, వానలు మొదలవగానే, వాహనం వెనక తగిలించి లాక్కెళ్ళే మా క్యాంపింగ్ ట్రైలర్‌కి కవర్ కప్పేసి, మళ్ళీ ఎండలు వచ్చేదాకా దాని మొహం చూడకపోవడం మాకు అలవాటు. ఈసారి అలా మూసేయడానికి వీల్లేదని పట్టుబట్టింది మా ఆవిడే. "అంత బరువు లాక్కొచ్చేది ఎండలో కూర్చోవడానికేనా అండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. సరే, ముసురులోనే వెళ్దాం, ఏ ట్రిప్పులో ఏం జరిగిందో రాసిపెడదాం అని ఒక నోటుబుక్ మొదలుపెట్టాను. ఇది అందులోంచే.

ముందు బండి గురించి రెండు ముక్కలు. మాది హైబ్రిడ్. నడుమ గట్టి గోడల గది, ముందూ వెనకా కిందికి తెరుచుకునే రెండు పెద్ద తలుపులు. తెరిచిన తలుపే పరుపు వేసుకునే బల్ల అవుతుంది, దాని మీద గుడ్డ డేరాలా లేస్తుంది. డేరా పైకప్పు వినైల్ (ప్లాస్టిక్ షీటు), పక్కలు కాన్వాస్ (మందపాటి గుడ్డ). 100 యాంపియర్ అవర్ (కరెంట్ నిల్వ కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి, 9 కిలోల ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లు రెండు, గది వేడిచేయడానికి గంటకు 20,000 బీటీయూల (వేడి కొలత) గ్యాస్ ఫర్నేస్. పడుకునేది నలుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు.

ట్రిప్ 1: రెండు రాత్రులు, కనిష్ఠం 4 డిగ్రీలు, రాత్రంతా సన్నటి జల్లు

చలికి భయపడి కిటికీలు, పైకప్పు వెంట్ (గాలి పోయే కంత) అన్నీ బిగించేశాం. గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచుకున్నాం, తడి జాకెట్లు తలుపు దగ్గర వేలాడదీశాం. వెచ్చగా, హాయిగా నిద్ర పట్టింది. తెల్లారేసరికి డేరా పైకప్పు నుంచి బొట్లు పడుతున్నాయి. పరుపు అంచు తడి, పిల్లల దుప్పటి ఓ మూల తడి, అల్యూమినియం కిటికీ చట్రాల మీద నుంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. "నాన్నా, లోపల కూడా వాన పడుతోంది" అన్నాడు చిన్నాడు.

డేరా కుట్లు కారుతున్నాయని నేను తీర్మానించేశాను. ఇంటికి రాగానే సీమ్ సీలర్ (కుట్టు సందులు మూసే జిగురు) తెచ్చి కుట్లన్నిటికీ పూయాలని లెక్కలు కూడా వేసుకున్నాను.

ఇంట్లో పరీక్ష

పూసే ముందు ఒక్కసారి చూద్దామనిపించింది. వాన లేని రోజు చూసి రెండు డేరాలూ తెరిచి, పరుపులు తీసేసి, బల్ల అంచుల వెంట పాత న్యూస్‌పేపర్లు పరిచాను. ఒక్కో డేరా మీద అరగంట చొప్పున హోస్‌తో నీళ్ళు కొట్టాను. కాగితం మీద తడి మచ్చ ఎక్కడ పడితే కారుతున్నది అక్కడే అని లెక్క.

మచ్చ పడింది ఒక్కచోటే. ముందు డేరాలో ఎడమ చేతివైపు, జిప్ మొదలయ్యే మూలలో అరచేయంత. మిగతా కాగితాలన్నీ పొడిగా గలగలలాడుతున్నాయి. అంటే ఆ రాత్రి మమ్మల్ని తడిపింది వాన కాదు, మేమే.

లెక్క చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. పెద్దవాడు ఒక్కడు నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా పావు లీటరు దాకా నీళ్ళు గాల్లోకి వదులుతాడు. పిల్లలది కాస్త తక్కువే అనుకున్నా, నలుగురం కలిపి ముప్పావు లీటరు దాకా. పైగా పొయ్యిలో ప్రొపేన్ మండితే నీటి ఆవిరి కూడా వస్తుంది, కిలో గ్యాసుకి సుమారు 1.6 కిలోల నీళ్ళు. మూత పెట్టకుండా కాచిన గిన్నెల ఆవిరి, తడి జాకెట్ల చెమ్మ దీనికి అదనం. అదంతా వెళ్ళే దారి లేక, అన్నిటికంటే చల్లగా ఉన్న వినైల్ కప్పుని వెతుక్కుని దాని మీద చేరింది. లోపల 18 డిగ్రీలుండి గాలిలో తేమ 65 శాతం ఉంటే చాలు, 11 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువూ చెమర్చుతుంది. బయట 4 డిగ్రీలున్నప్పుడు ఒంటిపొర వినైల్ ఎంత చల్లగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఒక్క మూలకి సీలర్ పూసి, తేమ చూపించే చిన్న మీటర్లు రెండు కొన్నాను. ఒకటి గదిలోకి, ఒకటి డేరాలోకి.

ట్రిప్ 2: ఒక రాత్రి, 2 డిగ్రీలు, ఆగి ఆగి వాన

పైకప్పు వెంట్ రెండు వేళ్ళ సందు, దానికి ఎదురు మూలలో ఉన్న కిటికీ ఒక వేలు సందు తెరిచి ఉంచాం. కింద నుంచి చల్లగాలి లోపలికి, పైనుంచి తడిగాలి బయటికి. చలిగాలిని కావాలని లోపలికి రానివ్వడమేంటని మా ఆవిడకి అనుమానం. నిజానికి చల్లటి గాలిలో ఆవిరి పట్టే చోటే తక్కువ, కాబట్టి వాన రోజున కూడా ఆ గాలి లోపలికొచ్చి వేడెక్కితే పొడిగాలే అవుతుంది. దీన్ని నమ్మడానికి నాకూ మీటర్ కావాల్సి వచ్చింది. పడుకునేముందు 78 శాతం ఉన్నది, సందులు తెరిచి ఫర్నేస్ వేసిన గంటకి 60కి దిగింది.

ఫర్నేస్ ఎందుకు, పొయ్యే వెలిగించుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. ఫర్నేస్ మంట గది గాలితో కలవదు. మంటకి కావాల్సిన గాలి బయటి నుంచే తీసుకుని, పొగనీ ఆవిరినీ మళ్ళీ బయటికే పంపిస్తుంది, లోపలికొచ్చేది ఉత్త వేడిగాలి. పొయ్యి మంట తన నీళ్ళన్నీ గదిలోనే పోస్తుంది. నీళ్ళ సంగతి అలా ఉంచి, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించే పని ఎప్పుడూ లేదు, ఈ విషయంలో మా ఇంట్లో చర్చ కూడా లేదు. ట్రిప్ మొదలయ్యే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ అలారం రెండూ నొక్కి చూస్తాను. ప్రొపేన్ గాలి కంటే బరువు, నేల వెంట పాకుతుంది. అందుకే గ్యాస్ అలారం నేలకి దగ్గరగా ఉంటుంది, దాని ముందు చెప్పుల బుట్ట పెట్టకూడదు (మేం పెట్టాం).

ఇంత బాగా సాగుతున్న రాత్రి మూడింటికి చెడింది. ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతోంది కానీ చల్లగాలి కొడుతోంది. మంట రావడం లేదు. గ్యాస్ అయిపోయిందనుకుని ఆ వానలో బయటికెళ్ళి రెండో సిలిండర్‌కి మార్చాను. తేడా లేదు. తీరా చూస్తే బ్యాటరీ 11.3 వోల్టులకి పడిపోయింది. ఫర్నేస్‌లో సెయిల్ స్విచ్ అని ఒక చిన్న రేకు ఉంటుంది. ఫ్యాన్ గాలి దాన్ని గట్టిగా తోస్తేనే గ్యాస్ తెరుచుకుంటుంది. వోల్టేజ్ పడిపోతే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, రేకు కదలదు, మంట రాదు. మిగిలిన రాత్రంతా నలుగురం గది మధ్యలో ఒకరికొకరం అతుక్కుని పడుకున్నాం.

బ్యాటరీ లెక్క

దీని మీద రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఫ్యాన్ 7 యాంపియర్లు లాగుతుంది. 2 డిగ్రీల చలిలో ఫర్నేస్ ప్రతి 15 నిమిషాల్లో 6 నిమిషాలు ఆడుతోందని ట్రిప్‌లో వాచీ పెట్టి చూసి ఉన్నాను, అంటే 40 శాతం. రాత్రి 11 గంటలకి 31 యాంపియర్ అవర్. దీపాలు, పంపు, అలారాలు మరో 6. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి తోడకూడదు కాబట్టి 100లో వాడుకునేది 50. చలికి సున్నా డిగ్రీల దగ్గర దాని శక్తిలో ఐదో వంతు పోతుంది. ఇక మిగిలేది 40. అంటే పూర్తిగా ఛార్జయి ఉంటే ఒక్క రాత్రి అంచుల మీద గట్టెక్కుతుంది, రెండో రాత్రికి రాదు. మేం ఆ రోజు పూర్తిగా ఛార్జ్ చేయకుండానే బయల్దేరాం.

గ్యాస్ సంగతి నయం. అదే లెక్కన రాత్రికి 1.8 కిలోలు, ఒక సిలిండర్ ఐదు రాత్రులొస్తుంది. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కిందికెళ్ళినా ఆవిరవుతుంది కాబట్టి చలికి మొరాయించదు. బ్యూటేన్ అలా కాదు, నీళ్ళు గడ్డకట్టే చలికే మూగబోతుంది.

లిథియం బ్యాటరీ వేసుకోమని ఓ స్నేహితుడి సలహా. సున్నా కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు, వేడిచేసే ఏర్పాటున్నది కొనాలి. అంత ఖర్చుకి ముందు ఫర్నేస్ ఆడే సమయం తగ్గించి చూద్దామనుకున్నాను.

ట్రిప్ 3: రెండు రాత్రులు, 3 డిగ్రీలు, కరెంట్ ఉన్న చోటు

రెండు మార్పులు చేశాం. ఒకటి, డేరాల మీద బయటి నుంచి కప్పే వెండి రంగు కవర్లు, క్లిప్పులతో బిగించేవి. రెండో పొర, నడుమ గాలి, అంతే దాని రహస్యం. కానీ వినైల్ మీద బొట్లు దాదాపు మాయమయ్యాయి. డబ్బు పెట్టినందుకు ఈ సీజన్‌లో నాకు అసలైన తృప్తినిచ్చింది ఇదే. గాలికి కవర్ తపతపా కొట్టుకుంటుంటే మొదటి రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు అడుగున ఎలాస్టిక్ తాడు లాగి కట్టాను.

రెండోది బెడిసికొట్టింది. పరుపు కింద చల్లదనం రాకుండా వెండి బబుల్ షీటు పరిచాను. రెండో ఉదయం పరుపెత్తి చూస్తే షీటు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, పరుపు అడుగు తడిసి ముద్ద. మన ఒంటి చెమ్మ పరుపులోంచి కిందికి దిగి, దాటలేని చల్లటి రేకు దగ్గర ఆగిపోయింది. తీసి పారేశాను. ఇప్పుడు బల్ల మీద సన్నటి ఫోమ్ మ్యాట్, దాని మీద గాలి ఆడే వేలెడు మందం ప్లాస్టిక్ జాలీ, ఆ పైన పరుపు. ఇంకో సంగతి, పరుపు అంచు కాన్వాస్‌కి తగలకూడదు. తగిలిన చోట గుడ్డ తడిని లోపలికి పీల్చేస్తుంది. నాలుగు వేళ్ళు తక్కువ వెడల్పుకి పరుపుని కోసేశాను. మా ఆవిడ ఆ కత్తిరింపు గురించి ఇంకా మాట్లాడుతూనే ఉంది.

కరెంట్ ఉంది కదా అని కంప్రెసర్ డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) తీసుకెళ్ళాం. చలిగదిలో దాని కాయిల్ మీద మంచు పేరుకుని పనే మానేసింది. చలికి డెసికెంట్ రకం (తేమ పీల్చే పదార్థంతో పనిచేసేది) నయం. చెమ్మ పీల్చే ఉప్పు డబ్బాలూ పెట్టాం. వాటి వేగానికి, నలుగురి ఊపిరికి పోలికే లేదు. బండి మూసిపెట్టిన రోజుల్లో బీరువా మూలకి పనికొస్తాయేమో.

ట్రిప్ 4: ఒక రాత్రి, సున్నాకి 1 డిగ్రీ కింద, కరెంట్ లేదు

ముందే తట్టాల్సింది ఈ ట్రిప్‌లో తట్టింది. రెండు డేరాలూ ఎందుకు తెరవాలి? వెనకది మూసే ఉంచి, పిల్లల్ని గదిలో భోజనం బల్ల దించి చేసిన మంచం మీద పడుకోబెట్టాం. ముందుది మా ఇద్దరికి. గుడ్డ గోడ సగమైంది. ఫర్నేస్ ఆట 40 నుంచి 25 శాతానికి పడింది, అదీ ఇంకా ఎక్కువ చలిలో. పొద్దున బ్యాటరీ ఇంకా 12.4 వోల్టులుంది. హైబ్రిడ్ కొన్నదే ఈ సౌకర్యం కోసం, నాలుగో ట్రిప్ దాకా వాడుకోలేదు.

గడ్డకట్టే రాత్రి కాబట్టి బయటి నీళ్ళ పైపు తీసేసి, లోపలి ట్యాంకు నీళ్ళే వాడాం. సింకు కింద అలమర తలుపులు తెరిచి ఉంచితే వెచ్చగాలి పైపులకి తగులుతుంది.

ట్రిప్ 5: మూడు రాత్రులు, 5 డిగ్రీలు, ఎడతెగని ముసురు

ఇక్కడ పాఠమంతా నేల గురించి, ఆఖరి రోజు సర్దుడు గురించి. బండిని నేల మీద నిలబెట్టే జాకీల కింద చిన్న దిమ్మలు పెడితే మెత్తటి నేలలో రాత్రికి వేలెడు దిగిపోయాయి, బండి ఒరిగింది. ఇప్పుడు అడుగు వెడల్పు చెక్కలే. బండిని తెరిచి ఉంచిన డేరా వైపు అర వేలెడు వాలుగా నిలిపితే కప్పు మీద నీళ్ళు ఆగకుండా బయటికి జారతాయి. అంతకంటే వాలిస్తే మా గ్యాస్ ఫ్రిజ్ సరిగ్గా పనిచేయదు. ఆనింగ్‌నీ (బండి పక్కన చాపే పందిరి గుడ్డ) ఒక మూల దించి కట్టాలి, లేకపోతే చెరువే. కరెంట్ తీగ సాకెట్‌లోకి వెళ్ళేముందు కిందికి వేలాడాలి, అప్పుడు నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

వానలో మూయడం. ముందు వెండి కవర్ తీసి దులిపి వేరే సంచిలో వేస్తాం. తర్వాత వైపర్‌తో వినైల్ మీది నీళ్ళు తోసి, పాత తువ్వాలుతో తుడుస్తాం. పరుపు మీద పెద్ద ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులు పైకి మడిచి, తడి కాన్వాస్‌ని ఆ పట్టా మీదకే మడుస్తాం. తలుపు లేపుతున్నప్పుడు ఒకరు బయట నిలబడి రబ్బరు సీలులో గుడ్డ ఇరుక్కోలేదని చూడాలి. ఇరుక్కుంటే ఆ గుడ్డే వత్తిలా దారంతా నీళ్ళని లోపలికి లాగుతుంది. ఇద్దరికి పాతిక నిమిషాలు. ఒక్కడినే చేస్తే మాటలొస్తాయి, పిల్లలు వినకూడనివి.

ఇంటికొచ్చింది రాత్రి పదకొండింటికి. అలసటకి పొద్దున చూద్దాంలే అనిపించింది. తడి గుడ్డకి బూజు పట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. మర్నాడు పొద్దున్నే తెరిచాం, సాయంత్రానికి ఆరింది. ట్రిప్ 1 తర్వాత మూడు రోజులు బద్ధకించినందుకు మిగిలిన నల్లచుక్కలు వెనక డేరా మూలలో ఇంకా ఉన్నాయి. పొడి బ్రష్‌తో దులిపి, కాస్త సబ్బునీళ్ళతో తుడిచాను. చుక్కలు వెలిశాయి కానీ పోలేదు, ముక్కిన వాసన మాత్రం పోయింది. బ్లీచ్ జోలికి వెళ్ళలేదు, అది నీళ్ళు నిలవనివ్వని పూతనీ కుట్టు దారాన్నీ తినేస్తుంది.

ఇంకా మిగిలిన పనులు: ముందు డేరా జిప్ మూల మూడో రాత్రి మళ్ళీ చెమర్చింది. సీలర్ నిలవలేదో, జిప్ మీద కప్పే గుడ్డ మడత తిరగబడుతోందో తెలియాలి. ఆదివారం వాన లేకపోతే మళ్ళీ న్యూస్‌పేపర్లు పరుస్తాను.