తెడ్డుకి చుట్టుకున్న వల

ఈ ఉదయం ప్యాడిల్ బోర్డు (నిలబడి తెడ్డుతో నడిపే పలక) మీద వెళ్తుంటే తెడ్డుకి ఏదో చుట్టుకుంది. నాచు అనుకున్నా. లాగితే తెగిపోయిన నైలాన్ వల. లాగేకొద్దీ వస్తూనే ఉంది. వల కన్నాల్లో రెండు చిన్న పీతలు, ఒకటి బతికే ఉంది. విడిపించడానికి పది నిమిషాలు పట్టింది, వేళ్లు కోసుకుపోయాయి. అయినా అది నీళ్లలోకి జారిపోతుంటే ఎంత సంతోషమేసిందో!

వదిలేసిన వల, పట్టేవాళ్లు లేకపోయినా ఏళ్ల తరబడి చంపుతూనే ఉంటుంది. ఒడ్డున నిలబడితే ఇదేమీ కనబడదు. అందుకేనేమో, అలల మీద తిరిగేవాళ్లు ఊరుకోలేకపోయారు. 1984లో అమెరికాలోని మాలిబూలో కొందరు సర్ఫర్లు (పలక మీద అలల్ని ఎక్కి ఆడేవాళ్లు) కలిసి సముద్రాన్నీ తీరాల్నీ కాపాడేందుకు సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టారు. 1990లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ సర్ఫర్లు సముద్రంలో కలుస్తున్న మురుగునీటి మీద పోరాటం మొదలుపెట్టారు. తమ ఒంటికి తగిలిన నీళ్ల గురించి వచ్చిన కోపం అది. ఆ కోపమంటే నాకు చాలా గౌరవం.

మన బోర్డుల్లో ఫోమూ, దాని మీద పూసి గట్టిపరిచే రెసినూ కూడా ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చినవే. అది నన్ను బాధపెడుతుంది. కొత్తది కొనకుండా, పాతదాని పగులు అతికించి వాడుతున్నా.

వల ఇంకా సగం అక్కడే ఉంది. రేపు కత్తి, సంచి తీసుకుని వెళ్తున్నా. ఎవరైనా తోడొస్తారా?