కీ తగిలించే మేకు మార్చాను

ఏడాదిన్నరలో కారు కీకి మూడు బ్యాటరీలు! మూడోసారైతే అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లే వేళకు కారు తలుపు తెరుచుకోలేదు. పాపం, ఎండలో పావుగంట నిలబడింది. దీని సంగతి తేల్చాలని అప్పుడే అనుకున్నాను.

కీ విప్పితే లోపల రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, ఆ అంకెల అర్థం అదే. మల్టీమీటర్ పెడితే 2.6 వోల్టులు. కొత్తదైతే 3 దాటాలి.

మాది బటన్ నొక్కక్కర్లేని కీ. దగ్గర్లో ఉందేమోనని కారు సిగ్నల్ పంపుతుంటుంది, అందగానే కీ మేలుకుని జవాబిస్తుంది. కీ తగిలించే మేకేమో కిటికీ పక్కన, గోడకవతల మూడడుగుల్లో కారు! రాత్రంతా కీకి నిద్రే లేదు, బ్యాటరీ అందుకే అయిపోతోందన్నమాట. టీవీ, ఛార్జర్ల పక్కన పెట్టినా వాటి రేడియో తరంగాల గోలకి ఇలాగే మేలుకుంటుందట.

కొత్త బ్యాటరీ వేసి, మేకు పీకి వెనక గదిలో కొట్టాను. ఎనిమిది నెలలైంది, అదే బ్యాటరీ నడుస్తోంది.

అన్నట్టు, మా కీ పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల్నుంచి ఇనుప తాళంచెవి వస్తుంది. తలుపు దాంతో తీసి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలు, బండి స్టార్టవుతుంది. అది ముందే తెలిసుంటే అమ్మకి ఆ ఎండ తప్పేది.