ఒక వాక్యానికి మూలం వెతికిన నా అనుభవం

తెలుగు వికీపీడియాలో మా అమ్మమ్మగారి ఊరి వ్యాసం చదువుతుండగా, అక్కడి వేణుగోపాలస్వామి ఆలయాన్ని 1510లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడన్న వాక్యం దగ్గర నాకు సందేహం కలిగింది. ఆ ఊరు నరసరావుపేట ప్రాంతంలో, కొండవీటికి దగ్గరలో ఉంది. రాయలు 1509లో సింహాసనమెక్కాడు గానీ, గజపతుల నుంచి ఉదయగిరిని 1514లో, కొండవీటిని 1515లో గెలుచుకున్నాడు. పరాయి ఏలుబడిలో ఉన్న సీమలో ఐదేళ్ల ముందే ఆయన గుడి ఎలా కట్టించగలడు?

ఎవరైనా మార్చగల విజ్ఞాన సర్వస్వం కాబట్టి ఆ వాక్యాన్ని నేను అప్పటికప్పుడే తీసివేయవచ్చు. అయితే అంతే తేలికగా ఇంకొకరు దాన్ని తిరిగి చేర్చగలరు గనుక, అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోవాలనుకున్నాను. వాక్యం చివర మూలంగా ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో వచ్చిన ప్రత్యేక కథనాన్ని చూపారు. పైకి అంతా సక్రమంగానే ఉంది. కానీ పేజీ ‘చరిత్ర’ తెరిచి పాత కూర్పులను పోల్చి చూస్తే, ఖాతా లేని ఒక అజ్ఞాత వాడుకరి ఏ మూలమూ ఇవ్వకుండా, ఆ కథనం అచ్చుకావడానికి చాలా ముందే ఆ వాక్యాన్ని చేర్చినట్టు తేలింది. పత్రికలో ఉన్నదీ అదే వాక్యం, ‘చారిత్రిక ఆధారములు తెలుపుచున్నవి’ అన్న పాతకాలపు తోకతో సహా. అంటే వికీపీడియా నుంచి పత్రికకు వెళ్లిన మాటే పత్రిక పేరుతో తిరిగొచ్చి, తనకు తానే సాక్ష్యం చెబుతోంది.

ఈ వివరాలన్నీ తేదీలతో సహా చర్చా పేజీలో పెట్టాను. కొండవీడు సంగతి సరైన తర్కమే అయినా, సొంత పరిశోధనను వ్యాసంలో రాయకూడదన్న నియమం ఉంది కాబట్టి దాన్ని చర్చకే పరిమితం చేయాలని ఒక అనుభవజ్ఞుడైన వాడుకరి గుర్తుచేశారు. మొదట అది అడ్డంకిగానే తోచింది. తర్వాత ఆలోచిస్తే, నా తర్కానికి చోటిచ్చే పేజీ రేపు ఇంకొకరి ఊహకూ చోటివ్వక తప్పదు. అందుకని ‘దక్షిణ భారత శాసనాలు’ సంపుటాల్లో తెలుగు శాసనాలున్న పదవదీ, విజయనగర రాజుల తెలుగు శాసనాలున్న పదహారవదీ తిరగేశాను. ఆ ఊరి ఆలయం గురించి అలాంటి శాసనమేదీ వాటిలో నాకు కనబడలేదు. వాక్యాన్ని ఉంచాలన్న మరో వాడుకరిని ఇంకేదైనా మూలం చూపమని కోరాం. ఊరి పెద్దలు అలా చెబుతారన్నారే తప్ప మరో ఆధారం చూపలేకపోయారు. చివరికి నిర్మాణ సంవత్సరం, రాయల పేరు రెండూ తీసివేసి, ఈ మార్పు వెనుక కారణాన్ని దిద్దుబాటు సారాంశంలో రాశాం.

అదే వ్యాసంలో జనాభా 2011 జనగణన నుంచి తీసుకున్నది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక వ్యాసంలో గుంటూరు అని ఉన్న జిల్లా పేరునూ ఎవరో శ్రద్ధగా మార్చారు. అందువల్ల వికీపీడియాను నమ్మవచ్చా అని మొత్తంగా అడిగేవారికి నేను సూటిగా జవాబు చెప్పలేకపోతున్నాను. 2005లో నేచర్ పత్రిక 42 శాస్త్ర వ్యాసాలను నిపుణుల చేత పరిశీలింపజేసినప్పుడు వ్యాసానికి సగటున వికీపీడియాలో సుమారు నాలుగు, బ్రిటానికాలో సుమారు మూడు పొరపాట్లు కనిపించాయన్న సంగతిని చాలామంది ఉదహరిస్తారు. అవి ఎంతోమంది చదివి దిద్దే ఇంగ్లీషు వ్యాసాలు. మన పల్లెటూరి వ్యాసాన్ని అంతమంది చూడరు, కాబట్టి ఇక్కడ ప్రతి వాక్యాన్నీ దాని మూలాన్ని బట్టే తూచాలి.

ఆ దినపత్రిక కథనాన్నే మూలంగా చూపిన పక్క ఊరి వ్యాసం మీద ఇప్పుడు చర్చ మొదలుపెట్టాను. బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల్లో, ఈ రెండు ఊళ్ల ప్రస్తావన ఉందేమోనని వెతుకుతున్నాను.